ఐదో మడి

నమోదు 341

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకి ముందే ఒక మాట. బూడిదపాడులో నీరుగంటి పని చెయ్యటానికి చేతులుంటే చాలదు, కాస్త పొగరు కూడా ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి. నా పేరు మంగతాయారు.

నీరుగంటి అన్నారు కదా అని నేను నీళ్ళు వదిలే మనిషిననుకోకండి. మా పెద్దవాళ్ళు భూమ్మీద ఉన్నప్పుడు చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు పారాలో చెప్పే మనిషిని అలా పిలిచేవారట. ఇక్కడ, చంద్రుడి లోపలి ఈ సొరంగంలో, మిగిలింది ఒకటే కంప్యూటర్. సూర్యుడి తుఫానుకి మిగతావన్నీ మాడిపోతే, మంచుగదిలో ఉండబట్టి ఇది బతికింది. దాని మీద ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది నేను.

గాలి యంత్రాలు ఒక ఓడలో వచ్చాయి. పైరు దీపాలు ఇంకో ఓడలో వచ్చాయి. మంచు కరిగించే బట్టీ మరో ఓడది. ఒక్కోదానికి ఒక్కో ఆపరేటింగ్ సిస్టం. ఒకదాని భాష ఇంకోదానికి అర్థం కాదు. అందుకని ఉన్న ఒక్క డిస్కునీ మళ్ళుగా కోశారు. పుస్తకాల్లో పార్టిషన్ అని ఉంటుంది, మేము మడి అంటాం. గాలికొకటి, పైరుకొకటి, నీళ్ళకొకటి. నాలుగోది అందరి మడి. వంతు అయినవాళ్ళు తర్వాతవాళ్ళ కోసం ఆ నాలుగోదాంట్లో లెక్కలు రాసి దిగిపోతారు. సిస్టం దిగిపోయినా ఫ్యాన్లు, దీపాలు, బట్టీ చివరిసారి చెప్పినట్టే నడుస్తుంటాయి, మళ్ళీ తమ వంతు వచ్చేదాకా.

రోజూ పొద్దున మొదటి వంతు గాలిది. ఆ సిస్టం లేచేటప్పుడు ఫ్యాన్లన్నిటినీ ఆపి, ఒక్కోదాన్నీ తిప్పి చూసుకుంటుంది. ఆ కాసేపూ సొరంగంలో ఎవరూ మాట్లాడరు. చిన్నపిల్లలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. గాలి గురించి 'ఆగింది' అనే మాట ఇక్కడ ఎవరూ అనరు. వంతు అయిపోతే 'గాలి పక్కకి జరిగింది' అంటాం. అది మర్యాద. చాలా ఏళ్ళ కిందట గాలి నిజంగానే ఆగిపోయింది. దిగువ సొరంగంలో ఉన్నవాళ్ళు ఎవరూ పైకి రాలేదు.

ఇక అసలు సంగతి. పోయిన వారం మా గుమ్మం ముందు ఒక ఓడ వచ్చి పడింది. పడింది అంటే దాన్ని నడిపిన పైడితల్లికి కోపం వస్తుంది, దిగింది అనాలి. సగం ఇంజన్లు పాడైన ఓడని ఆవిడ ఒక్కతే దింపింది. లోపలున్నవాళ్ళందరూ బతికారు గానీ వాళ్ళ కంప్యూటర్ బతకలేదు. పైడితల్లికి కిడ్నీలు ఎప్పుడో పోయాయి. రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేసే యంత్రం పెట్టుకోవాలి. ఆ యంత్రం వాళ్ళ ఓడ సిస్టం చెబితేనే వింటుంది. ఆ సిస్టం ఇప్పుడు వేలెడంత చిప్పులో ఉంది.

యంత్రాన్ని నడిపేది ఆవిడ తమ్ముడు అప్పలనర్సు. నేను వాళ్ళకి కూడా ఒక వంతు ఇచ్చాను. చిప్పులోంచే సిస్టం లేపుతున్నాం. కానీ లేపిన ప్రతిసారీ ఆ చిప్పు కొంచెం అరుగుతోంది. ఇంకెన్నిసార్లు లేస్తుందో నాకు తెలీదు. నాకు తెలీదంటే ఎవరికీ తెలీదనే అర్థం. అది పాడయ్యేలోగా ఆ సిస్టంకి డిస్కులో ఒక మడి కొయ్యాలి. ఏ మడి ఎక్కడుందో రాసి ఉండే మా పట్టికలో ఉన్నవి నాలుగే వరసలు. నాలుగూ నిండిపోయాయి.

నమోదు 342

భోజనాల దగ్గర అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను.

పైరు చూసే సర్వేశాన్ని ఏదైనా అడిగితే చాలు, వెంటనే సలహా చెప్పేస్తాడు. "అందరి మడి తీసేసి వాళ్ళకిచ్చేద్దాం తాయారమ్మా. లెక్కలు మనం నోటితో చెప్పుకుంటే సరిపోతుంది" అన్నాడు.

"నువ్వు నోటితో చెప్పిన లెక్క నమ్మి పోయినసారి టమాటాల కోసం బుట్టలు అల్లించాను. ఇప్పుడు వాటిలో చెప్పులు పెట్టుకుంటున్నాం" అన్నాను. అందరూ నవ్వారు. సర్వేశం కూడా నవ్వాడు, ఆ మాటకొస్తే వాడు మంచివాడే.

ఇంకెవరో ఒక మడి లోపలే చిన్న మళ్ళు కొయ్యమన్నారు. అదీ ఒక పద్ధతే. పట్టికలో ఒక్క వరసతో సరిపోతుంది. కానీ ఆ లోపలి మళ్ళలో ఒకదాని చిరునామా ఇంకోదాంట్లో రాసి ఉంటుంది. మధ్యలో ఒకటి చెడితే దాని వెనకున్నవన్నీ గల్లంతు. పైగా వాళ్ళ ఓడ సిస్టం అలాంటి లోపలి మడిలోంచి లేవనని మొండికేస్తుందని అప్పలనర్సు చెప్పాడు.

అప్పుడు నా ఆలోచన బయటపెట్టాను. పట్టికనే మార్చేద్దాం. కొత్త పద్ధతి పట్టికలో వందకి పైగా వరసలుంటాయి. ఒక్కో మడికి పేరు కూడా రాసుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద సుఖం, ఆ పట్టిక డిస్కు మొదట్లో ఒకటి, చివర తోకలో ఒకటి, రెండు చోట్ల రాసి ఉంటుంది. పైరు మడి చివర చాలా ఖాళీ పడి ఉంది, అందులోంచి కొత్తవాళ్ళకి కోసి ఇవ్వొచ్చు. ఒకటే షరతు. పట్టిక మార్చే ముందు ప్రతి సిస్టమూ పూర్తిగా దిగిపోవాలి, మార్చాక మొదటినుంచీ లేవాలి.

"నా మడిలోనే కోస్తావా? పైగా తోకలో చోటంతా దండగ చేస్తావా?" అన్నాడు సర్వేశం.

"నీ మడిలో నువ్వు దాచుకుంది ఏమీ లేదని నాకు తెలుసులే" అన్నాను.

గాలి చూసే ఉసేనప్ప అప్పటిదాకా తల ఎత్తలేదు. అన్నం కలుపుతూనే అడిగాడు. "తాయారక్కా, పట్టిక మార్చినాంక మొదటిసారి గాలి లేస్తాదా?"

"లేస్తుంది."

"మీ గురువు గూడా అట్లనే జెప్పినాడు" అని కంచం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ డిస్కుని నాలుగు మళ్ళుగా కోసింది మా గురువు పద్మనాభంగారే. కోశాక మొదటిసారి గాలి లేస్తుండగా, ఫ్యాన్లన్నీ పరీక్షకి ఆగిన క్షణంలోనే, కరెంటు ఒక్క తృటి తగ్గింది. పట్టిక చెదిరింది. అప్పట్లో ఉన్నది అదొక్కటే, ఇంకో నకలు లేదు. ఏ మడి ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలియలేదు. ఆగిన ఫ్యాన్లు అలాగే ఉండిపోయాయి. ఉసేనప్ప భార్య లింగమ్మ ఆ రోజు దిగువ సొరంగంలో ఉంది. గురువుగారు తర్వాత ఈ కుర్చీ ముట్టుకోలేదు.

నేను తోక గురించి అంత పట్టుబట్టేది ఎందుకో ఉసేనప్పకి అర్థం కావాలి. ఇవాళ కాకపోతే రేపు చెబుతాను.

నమోదు 345

ముందు మంచి మాట రాస్తాను. ఈ మధ్య పొద్దున గాలి లేచేటప్పుడు ఫ్యాన్లు ఆగటమే లేదు. సొరంగంలో అందరూ సంతోషంగా ఉన్నారు. ఉసేనప్ప ఏదో కొత్త నూనె వేశాడని, పరీక్ష కంటికి ఆననంత వేగంగా జరిగిపోతోందని అనుకుంటున్నారు. పిల్లలైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవటం కూడా మర్చిపోయారు. మనిషి ముభావంగా ఉన్నాడు గానీ పనితనం మాత్రం మెచ్చుకోవాల్సిందే.

ఇక చెడ్డమాట. అందరి మడిలో లెక్కలు తప్పుతున్నాయి. నిన్న సాయంత్రం ఆకుకూరలకి నీళ్ళు పెట్టామని పైరువాళ్ళు రాసి దిగారు. ఇవాళ చూస్తే ఆ మాటే లేదు. పెట్టలేదనుకుని మళ్ళీ పెట్టారు. బచ్చలి వేళ్ళు కుళ్ళిపోయాయి. సర్వేశం ఆ బచ్చలిని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు నా గదికి తీసుకొచ్చి చూపించాడు.

డిస్కు ముసలిదైపోతోందని నాకు అర్థమైంది. అక్కడక్కడా రాత నిలవటం లేదు. ఇలాంటి డిస్కు మీద పట్టిక మార్చటం ప్రమాదం. అందుకని పని వాయిదా వేశాను. ముందు డిస్కు మొత్తం వెతికి చెడిన చోట్లు గుర్తుపెట్టుకోవాలి.

అప్పలనర్సు విని, చిప్పుని గుడ్డలో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

నమోదు 347

డిస్కులో ఒక్క చెడిన చోటు కూడా దొరకలేదు. రెండుసార్లు వెతికాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. నేను వెతికితే దొరకకపోవటమేమిటి?

ఇవాళ అసలు జరగకూడనిది జరిగింది. పైడితల్లి యంత్రానికి బాగా శుద్ధి చేసిన నీళ్ళు చాలా కావాలి. అవి పక్కన పెట్టామని నీళ్ళవాళ్ళు నిన్న అందరి మడిలో రాశారు. ఆ రాత కూడా మాయమైంది. తొట్టి నిండుగా ఉందని చూసి పైరు సిస్టం ఆ నీళ్ళు దీపాల కింది మొక్కలకి వదిలేసింది. ఆవిడ వంతు వచ్చేసరికి తొట్టి ఖాళీ. అది చాలదన్నట్టు చిప్పు కూడా మూడోసారికి గానీ లేవలేదు. లేచినా నీళ్ళు లేక యంత్రం ఊరుకుంది.

పైడితల్లిని చూడటానికి వెళ్ళాను. కాళ్ళు వాచి చెప్పులు పట్టటం లేదు. మొహం ఉబ్బింది. అయినా ఆవిడే నాకు ధైర్యం చెప్పింది. "ఏటమ్మా అలగున్నావు? నాను ఓడ దింపినప్పుడు నీకంటే గాభరాగా ఉన్నానేటి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది. బూడిదపాడుకి వచ్చినవాళ్ళు దాహంతో పోయారన్న మాట ఇంతవరకూ లేదు. నేనుండగా ఆ మాట రానివ్వను.

నమోదు 348

భోజనాల దగ్గర అప్పలనర్సు నోరు తెరిచాడు. అందరూ ఉన్నారు. ఉసేనప్ప కూడా ఉన్నాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏటనుకోకు. మీ గాలోలు వంతయిపోయినాక సిస్టం ఆపీసినారో లేదో ఎవులైనా సూస్తారేటి?"

 ఇక్కడ పుట్టిన చిన్నపిల్లాడైనా అడగని మాట అది. సర్వేశం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నేను అప్పలనర్సు మీద గట్టిగానే విరుచుకుపడ్డాను. ఈ ఊళ్ళో ఆ మాట అనకూడదని, ఎందుకనకూడదో తెలీకుండా మాట్లాడకూడదని చెప్పాను. అతను తల వంచుకుని, "తెలీక అడిగీసినానమ్మా. మా ఓడలో ఆపినాక 'ఆపినాను' అని గట్టిగా అరుస్తాం. అప్పుడే రెండో ఓలు ముట్టుకుంటారు" అన్నాడు.

ఉసేనప్ప లేచి వెళ్ళిపోయాడు. మొహం పాలిపోయింది. నేను అప్పలనర్సు మీద కోపంతో పోయాడనుకున్నాను.

గదికొచ్చాక నా కోపం చల్లారింది. చల్లారాక బుర్ర పనిచేసింది. ఫ్యాన్లు ఆగటం లేదు. లెక్కలు తప్పటమూ అప్పటినుంచే. ఈ రెండూ నేను ఒకే నమోదులో పక్కపక్కన రాసి, ఒకదానికి మెచ్చుకుని, ఇంకోదానికి డిస్కుని తిట్టాను.

నమోదు 349

నీళ్ళ వంతులో కూర్చుని, ఆ సిస్టంలోంచి గాలి మడిలోకి తొంగి చూశాను. రాయలేదు, చూశానంతే. అక్కడ పెద్ద మూట ఒకటి ఉంది. గాలి సిస్టం తన జ్ఞాపకమంతా మడతపెట్టి పెట్టుకున్న మూట.

ఉసేనప్ప సిస్టంని ఆపటం లేదు. నిద్రపుచ్చుతున్నాడు. నిద్రపోయిన సిస్టం పొద్దున మొదటినుంచీ లేవదు, ఎక్కడ కళ్ళు మూసిందో అక్కడే తెరుస్తుంది. అందుకే ఫ్యాన్ల పరీక్ష లేదు. నిద్రపోయే ముందు అందరి మడి ఎలా ఉందో కూడా దానికి గుర్తుంటుంది. మధ్యలో పైరువాళ్ళు, నీళ్ళవాళ్ళు వచ్చి రాసింది దానికి తెలీదు. లేవగానే తనకి గుర్తున్నదే మళ్ళీ రాసేస్తుంది. మిగతావాళ్ళ రాతలు చెరిగిపోతాయి. తప్పు డిస్కుది కాదు. ఆగిందా అని అడగటం మర్యాద కాదనుకున్న మా అందరిదీ.

ఇంకో సంగతి కూడా తట్టింది. ఇది తెలీకుండా నేను పట్టిక మార్చి ఉంటే, నిద్రలేచిన గాలి సిస్టం పాత గట్లే గుర్తుపెట్టుకుని కొత్త మళ్ళ మీద అడ్డంగా నడిచేది. ఏదీ మిగిలేది కాదు.

ఫ్యాన్ల గదికి వెళ్ళాను. ఉసేనప్ప ఒక బేరింగుకి నూనె పెడుతున్నాడు. ఆ బేరింగుకి నూనె అక్కర్లేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఫ్యాన్లు ఎందుకు ఆగటం లేదు ఉసేనప్పా?"

"ఆగకపోతే నీకేమక్కా నొప్పి?"

 మళ్ళీ ఆయనే చెప్పాడు. "ఇన్నేండ్లు ఆపినా, లేపినా. రోజూ గుండె చేతిలో పట్టుకోని లేపినా. నువ్వు పట్టిక మారుస్తానన్న కాన్నుంచి చెయ్యి ఆ బటను మిందికి పోల్యా. నిద్రపుచ్చితే ఫ్యాన్లు ఆగవు గదా అని... ఆ పొద్దు నేను ఈడనే నిలబడుకోనుంటి. ఇప్పుడు లేస్తాయి, ఇప్పుడు లేస్తాయి అని చూస్తాంటి. దిగువనుంచి లింగి మైకులో పిలుస్తానే ఉంది. వస్తాండా, వస్తాండా అని నేను చెప్తానే ఉండా."

  నూనె గిన్నె తీసి పక్కన పెట్టి, అక్కడే కింద కూర్చున్నాను. ఆయన తప్పు చేశాడని తెలుసు. కోప్పడదామంటే కోపం రాలేదు.

అప్పుడే గుమ్మంలో పైడితల్లి కనపడింది. తమ్ముడి భుజం పట్టుకుని గోడ వెంబడే నడిచొచ్చింది. ఎప్పటినుంచి వింటోందో తెలీదు.

"అన్నా, నా కోసం మీ గాలి మీదకి తెచ్చుకోవద్దు. పట్టికా వద్దు, ఏటీ వద్దు. నన్నొదిలీయండి. నాను దింపాల్సినోలందర్నీ దింపీసినాను" అంది.

ఉసేనప్ప ఆవిడ మొహం చూడలేదు. కాళ్ళు చూశాడు. వాచిన ఆ కాళ్ళకి అప్పలనర్సు గుడ్డపీలికలు చుట్టి ఉంచాడు.

"నిన్నొదిలేయమని ఎవురు జెప్పినారు నీకు?" అని గట్టిగా అరిచాడు ఉసేనప్ప. "ఒగరు పోతాంటే ఈడ నిలబడుకోని విన్నా. ఇంగొకరు పోతాంటే బేరింగులకి నూనె పెట్టుకుంటా కూర్చోమంటావా? కూర్చో ముందు. నిలబడితే వాపు ఎక్కువైతాది."

ఆవిడ కూర్చుంది. ఆయన నా వైపు తిరిగి, "అక్కా, ఆ తోక సంగతి ఇంగొకసారి చెప్పు. నిదానంగా చెప్పు" అన్నాడు.

నిదానంగా చెప్పాను. రెండోసారి కూడా చెప్పమన్నాడు. చెప్పాను. నా జీవితంలో ఎవరికీ ఒకటే మాట రెండుసార్లు ఓపిగ్గా చెప్పింది లేదు.

నమోదు 352

ఇవాళ్టి సంగతి రాయటానికి కూర్చుంటే చెయ్యి ఆగటం లేదు. ఇది అచ్చంగా గర్వం, దాచుకోవాల్సిన పనేమీ లేదు.

నిన్నంతా చేతి ఫ్యాన్లు బయటికి తీశాం. పాతకాలం సామాను, చక్రం పట్టి తిప్పితే గాలి తోస్తుంది. ఆ ప్రమాదం తర్వాత చేసిపెట్టుకున్నవే గానీ ఎప్పుడూ వాడలేదు. తుడిచి, నూనె పెట్టి, ప్రతి మలుపులోనూ ఒకటి నిలబెట్టాం. దిగువ సొరంగానికి రెండు. పొద్దున చూస్తే పిలవకుండానే ఊరంతా వచ్చి నిలబడింది. తనకి కుర్చీ వేసి దిగువ సొరంగం మొదట్లో కూర్చోబెట్టమని పైడితల్లే అడిగింది. తిప్పే ఓపిక లేదు గానీ, గొంతుందట.

సిస్టంలన్నీ దిగాయి. గాలి చివర. ఉసేనప్ప నా గదిలోకే వచ్చి, నా కళ్ళ ముందే, నిద్ర బటను కాదు, ఆపే బటను నొక్కాడు. నొక్కి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫ్యాన్లు పాత మాట మీద తిరుగుతూనే ఉన్నాయి. నేను గాలి మడిలో మూట లేదని చూసుకున్నాను. అందరి మడి చూసుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాను.

పైరు మడి గట్టు ముందుకి జరిపాను. అక్కడ ఐదో మడి కోశాను. చిప్పులో ఉన్న సిస్టంని అప్పలనర్సు అందులోకి దించాడు, చిప్పు చివరిదాకా నిలబడింది పాపం. కొత్త పట్టిక రాశాను. మొదట్లో ఒకటి, తోకలో ఒకటి. పేర్లు రాయటం మిగిలింది. పైరు, నీరు, అందరిది, కొత్త ఓడ అని రాశాను.

"గాలికి ఏం రాయను? గాలి అనేనా?" అన్నాను.

"ఏ పేరైనా పెట్టచ్చా?" అని అడిగాడు ఉసేనప్ప.

"ఏదైనా పెట్టొచ్చు."

కాసేపు తెర వైపు చూశాడు. "లింగమ్మ అని రాయి" అని చెప్పి, సమాధానం కోసం చూడకుండా ఫ్యాన్ల గదికి వెళ్ళిపోయాడు.

రాశాను. గాలిని లేపాను.

ఫ్యాన్లు ఆగాయి. ఈసారి అందరికీ వినపడేలా ఆగాయి. సొరంగంలో చిన్న చప్పుడు లేదు. అంతలో దీపాలు ఒక్క తృటి మసకబారాయి. మా గురువుగారి రోజున మసకబారినట్టే. కంప్యూటర్ ఆగి, మళ్ళీ మొదలైంది. తెర మీద 'పట్టిక కనపడలేదు' అని వచ్చింది.

మైకులో ఉసేనప్ప గొంతు. "తాయారక్కా?"

"తోక ఉంది. ఉండు" అన్నాను.

నా దగ్గర ఎప్పుడూ ఒక బాగుచేసే చిప్పు ఉంటుంది. అది పెట్టి కంప్యూటర్‌ని లేపాను. అవతల పైడితల్లి గొంతెత్తింది. "హైలెస్సా!" అని ఆవిడ అంటే, "హైలెస్సా!" అని ఊరంతా చక్రాలు తిప్పుతున్నారు. సముద్రమన్నది ఒక్కసారి కూడా చూడని పిల్లలు వలలు లాగేవాళ్ళ పాట పాడుతూ గాలి తోస్తున్నారు. దిగువ సొరంగంలోంచి అందరికన్నా గట్టిగా వినపడుతోంది, అక్కడ సర్వేశం ఉన్నాడు. వాడి గొంతు అంత బాగుంటుందని నాకు తెలీదు.

నేను డిస్కు చివరికి వెళ్ళి చూశాను. తోకలో పట్టిక చెక్కుచెదరకుండా ఉంది. ఐదు మళ్ళూ, ఐదు పేర్లూ. దాన్ని తీసి మొదట్లో మళ్ళీ రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు. మళ్ళీ చూసుకునే పని పడలేదు. నాలుగుసార్లు చూసుకున్నానని అప్పలనర్సు చెబుతాడు, నమ్మకండి.

చిప్పు తీసేశాను. ఏ సిస్టం లేపాలని కంప్యూటర్ అడిగింది. పేర్లు వరసగా వచ్చాయి. గాలి మడి పేరే మొదటిది, అది నొక్కాను.

ముందు ఎగువ సొరంగంలో ఒక ఫ్యాను తిరిగింది. దాని పక్కది. భోజనాల గదిలోవి. పైరు దీపాల దగ్గరవి. ఒక్కోటీ లేస్తుంటే అక్కడున్నవాళ్ళు చక్రం వదిలి నిలబడిపోతున్నారు. చిట్టచివర దిగువ సొరంగంలోది తిరిగింది. పైడితల్లి పాట ఆపింది.

 మైకులో ఉసేనప్ప ఊపిరి వినపడింది. తర్వాత ఊరందరికీ చెప్పాడు.

"లింగమ్మ లేసింది."

నేను ఏడ్చాను. ఎవరైనా ఏడుస్తారు.

నమోదు 353

కొత్త ఓడ సిస్టం ఐదో మడిలోంచి మొదటి పిలుపుకే లేచింది. పైడితల్లి యంత్రం తన వంతు పూర్తిగా నడిచింది. నీళ్ళ లెక్క అందరి మడిలో రాసింది రాసినట్టే ఉంది. అప్పలనర్సు అక్క కాళ్ళకి చుట్టిన గుడ్డపీలికలు విప్పి, ఇంకో రెండు రోజులకి చెప్పులు పడతాయని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. నేను అతన్ని పిలిచి, ఆ రోజు కోప్పడింది నా పొరపాటేనని చెప్పాను. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. సాయంత్రానికి సర్వేశం వచ్చి, "తాయారమ్మ క్షమాపణ చెప్పిందట కదా!" అన్నాడు.

పట్టికలో ఐదు వరసలు నిండాయి. ఇంకా వందకి పైగా ఖాళీగా ఉన్నాయి. ఇంకే ఓడలోంచి ఎవరు దిగినా, చోటు లేదు పొమ్మనే అవసరం బూడిదపాడుకి లేదు. ఆ పట్టిక వేసింది నేను. ఈ ముక్క ఎక్కడైనా చెక్కించి పెడితే నాకు అభ్యంతరం లేదు.

ఒక్కటే మిగిలింది. గాలి వంతు అయిపోయే వేళ అందరి చెవులూ మైకు మీదే ఉన్నాయి. ఇక మీద 'పక్కకి జరిగింది' అంటే కుదరదని నేనే చెప్పాను. ఆపితే ఆపానని గట్టిగా చెప్పాలి, అప్పుడే తర్వాతవాళ్ళు ముట్టుకోవాలి. అప్పలనర్సు వాళ్ళ ఓడ పద్ధతి. ఉసేనప్ప సరేనన్నాడు గానీ, ఆ పేరు పెట్టుకున్నాక రోజూ ఆ మాట ఎలా అంటాడా అని నాకు బెంగ పట్టుకుంది. ఫ్యాన్ల గదికి వెళ్ళి అడిగాను.

"పేరు మార్చమంటావా ఉసేనప్పా? గాలి అనే రాస్తాను. రోజూ ఆపాలంటే కష్టం కదా."

ఆయన బటను మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. దాన్ని నొక్కి, మైకు తెరిచి, "ఆపినా" అని ఊరందరికీ వినపడేలా చెప్పాడు. మైకు మూశాక నాతో అన్నాడు.

"మార్చద్దులే అక్కా. తెల్లారితే లేస్తాది గదా."